ఆయా నుంచి ఆటో డ్రైవర్ దాకా: పిల్లల దగ్గర పనిచేసేవారి గతం ఎవరు చూస్తున్నారు?

తిరుచానూరులో మూడేళ్ల పాప పొద్దున ఇల్లు కదిలితే సాయంత్రం తిరిగొచ్చేలోగా ఎంతమంది పెద్దవాళ్ల చేతుల మీదుగా పోతుందో చూడండి. ఆటో డ్రైవర్ ఎత్తి కూర్చోబెడతాడు. ప్లేస్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ దించుకుంటాడు. ఆయా బాత్రూముకు తీసుకుపోతుంది. టీచర్ అక్షరాలు దిద్దిస్తుంది, వంటామె అన్నం పెడుతుంది. అమ్మానాన్నలిద్దరూ తిరుపతిలో ఉద్యోగస్తులైతే బడి వదిలాక డే కేర్‌లోనో ట్యూషన్‌లోనో ఇంకో రెండు మూడు గంటలు. వీళ్లలో ఎవరిమీదైనా పిల్లల విషయంలో ఎప్పుడైనా కేసు నడిచిందా, ఇంతకుముందు పనిచేసిన చోటు ఎందుకు వదిలేశారు అని అడిగినవాళ్లు ఎందరు? పాస్‌పోర్టు తీసుకోవాలంటే పోలీసు విచారణ తప్పదు. సర్కారు కొలువులో చేరాలన్నా తప్పదు. పసిబిడ్డను అప్పగించేటప్పుడు మాత్రం చాలాచోట్ల "తెలిసినాయనే" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం.

నియమం లేక ఇలా జరగడం లేదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడేందుకు 2012లో వచ్చిన పోక్సో చట్టం కింద 2020 మార్చిలో కేంద్రం కొత్త నియమావళి తెచ్చింది. అందులో మూడో నియమం విషయాన్ని సూటిగానే చెప్పింది. పిల్లలుండే సంస్థ అయినా, పిల్లలతో రోజూ పనిపడే సంస్థ అయినా (బడి, క్రెష్, క్రీడా శిక్షణ కేంద్రం, ఏదైనా సరే) పిల్లల దగ్గరకు వచ్చే ప్రతి ఉద్యోగి గురించీ పోలీసు విచారణ చేయించాలి, పూర్వాపరాలు చూడాలి. బోధించేవారైనా బోధించనివారైనా, పర్మనెంటు అయినా కాంట్రాక్టు అయినా మినహాయింపు లేదు. ఒకసారి చేసి వదిలేయకూడదు, కొంతకాలానికోసారి మళ్లీ చేస్తుండాలి. సిబ్బందికి పిల్లల భద్రత మీద శిక్షణ కూడా ఇప్పించాలి.

రాసినంత వరకు మంచి నియమం. రాయకుండా వదిలేసిన వాటి దగ్గరే అంతా కారిపోతోంది. "కొంతకాలానికోసారి" అంటే ఏడాదికా, అయిదేళ్లకా? చెప్పలేదు. ఏ నేరం ఉంటే పనికి పెట్టుకోకూడదు? జాబితా లేదు. విచారణ చేయించని యాజమాన్యానికి ఏ శిక్ష? నియమంలో దానికంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు. పిల్లలపై నేరం చేసి శిక్షపడినవాడు మళ్లీ ఎన్నడూ పిల్లల మధ్య ఉద్యోగం చేయకుండా దేశమంతటికీ వర్తించే నిషేధ జాబితా అసలే లేదు. బ్రిటన్‌లో అటువంటి జాబితా ఉంది. అందులో పేరున్న మనిషి పిల్లల దగ్గర పనికి చేరడమే అక్కడ నేరం. మన దగ్గర జైలు నుంచి వచ్చినవాడు జిల్లా దాటి ఇంకో ఊళ్లో స్కూలు వ్యాను నడుపుకుంటానంటే ఆపే యంత్రాంగం దాదాపు లేనట్టే.

విచారణ చేయించిన బడుల్లోనైనా అది ఎలా జరుగుతుందో దగ్గరగా చూడాలి. ఉద్యోగి ఆధార్ జిరాక్సు, ఫొటోలు జతచేసి యాజమాన్యం స్టేషన్‌కు దరఖాస్తు పెడుతుంది. కానిస్టేబుల్ ఆ చిరునామాకు వెళ్లి ఇరుగుపొరుగును అడుగుతాడు. స్టేషన్‌లో రికార్డు తిరగేస్తారు, కంప్యూటర్‌లో పేరు కొట్టి చూస్తారు. ఆఖరికి వచ్చే కాగితంలో సారాంశం ఇంతే ఉంటుంది: ఈ స్టేషన్ పరిధిలో ఇతనిపై కేసులు లేవు. "ఈ స్టేషన్ పరిధిలో" అన్న ముక్కను ఎవరూ పట్టించుకోరు. తిరుచానూరు వంటి చోట ఆ ముక్కే కొంప ముంచుతుంది. అమ్మవారి గుడి చుట్టూ బతికే ఊరు ఇది. పద్మసరోవరం చుట్టుపక్కల లాడ్జీల్లో, హోటళ్లలో, ట్రావెల్స్‌లో, హాస్టళ్లలో పనిచేసేవారు పీలేరు నుంచి, కుప్పం నుంచి, అటు వేలూరు, అరక్కోణం నుంచి, ఇటు ముళబాగిలు నుంచి వస్తుంటారు. మూడు రాష్ట్రాల మనుషులు కలిసే చోటు. ఆరు నెలల కింద అద్దెకు దిగిన మనిషి గురించి తిరుచానూరు స్టేషన్‌కు ఏం తెలుస్తుంది? సొంతూరు స్టేషన్‌కు కాగితం వెళ్లాలి, అక్కడి నుంచి జవాబు రావాలి. పొరుగు రాష్ట్రమైతే ఆ జవాబు కోసం ఎదురుచూసే ఓపిక ఏ కరస్పాండెంటుకూ ఉండదు. మనిషి అప్పటికే పనిలో చేరిపోయి ఉంటాడు.

ఇక పేర్ల సంగతి. దేశంలోని స్టేషన్లను కలుపుతూ 2009లో మొదలుపెట్టిన సీసీటీఎన్‌ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థలో పేరుతో వెతకవచ్చు. కానీ మనం ఇంటిపేరు ముందు రాస్తాం, తమిళులు తండ్రి పేరులోని మొదటి అక్షరం రాస్తారు. మన ప్రాంతంలో మునికృష్ణలు, సుబ్రమణ్యాలు, చెంగల్రాయులు వీధికి నలుగురు. ఇంగ్లిషులో ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాస్తాడు. ఆధార్‌లో ఒకలా, ఎఫ్‌ఐఆర్‌లో ఇంకోలా ఉన్న పేరు కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. అనుకోని పొరపాటే ఇంత పని చేస్తుంటే, కావాలని పేరు మార్చుకున్నవాణ్ణి పట్టేదెలా?

ఇంగ్లండ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 2002 ఆగస్టులో సోహమ్ అనే చిన్న పట్టణంలో పదేళ్ల ఆడపిల్లలు ఇద్దరు హత్యకు గురయ్యారు. చంపినవాడు ఇయాన్ హంట్లీ, ఒక బడిలో కేర్‌టేకర్. ఉద్యోగానికి నిక్సన్ అన్న ఇంటిపేరుతో దరఖాస్తు పెట్టాడు. కేంబ్రిడ్జిషైర్ పోలీసులు ఆ ఒక్క పేరుతోనే వెతికారు, ఏమీ దొరకలేదు. అంతకుముందు అతనున్న హంబర్‌సైడ్ ప్రాంతంలో మైనర్ బాలికలతో సంబంధాల గురించి, అత్యాచారాల గురించి ఫిర్యాదులు పదేపదే వచ్చాయి. ఒక్కదానిలోనూ శిక్ష పడలేదు. అక్కడి పోలీసులు ఆ సమాచారాన్ని భద్రపరచనూ లేదు, పైకి అందించనూ లేదు. 2004లో వచ్చిన బిచర్డ్ విచారణ నివేదిక ఈ లోపాలన్నిటినీ బయటపెట్టింది. 2006లో కొత్త చట్టం వచ్చింది. 2012 డిసెంబరు నుంచి డీబీఎస్ అనే ఒకే సంస్థ ఈ తనిఖీలు చూస్తోంది. కోర్టు శిక్షలతో పాటు, అవసరమైనప్పుడు పోలీసుల దగ్గరున్న ఇతర సమాచారాన్నీ అది పరిశీలిస్తుంది.

నా దృష్టిలో ఈ చర్చ మొత్తానికీ గుండెకాయ ఇదే. రికార్డు అనేది ఫిర్యాదు అందితేనే పుడుతుంది. మన దగ్గర ఫిర్యాదును పుట్టకముందే చంపేస్తున్నారు. ఒక టీచర్ మీదో వ్యాను డ్రైవర్ మీదో తల్లి వచ్చి ఏడ్చి చెబితే యాజమాన్యం ముందు అనేమాట "బడి పరువు పోతుందమ్మా, మేం చూసుకుంటాం" అని. చూసుకోవడం అంటే అతనితో రాజీనామా రాయించుకుని పంపేయడం. పాప పేరు బయటికొస్తుందన్న భయంతో తల్లిదండ్రులూ ఊరుకుంటారు. అతను పక్క మండలంలో ఇంకో బడికి వెళతాడు. చేతిలో అనుభవ ధ్రువపత్రం ఉంటుంది, పోలీసు రికార్డు శుభ్రంగా ఉంటుంది. రెండో బడి చిత్తశుద్ధితో విచారణ చేయించినా ఏమీ దొరకదు. ఆ బడిలో జరిగేదానికి మొదటి బడిదీ బాధ్యత.

ఇలా నోరు మూసుకోవడం మర్యాద కాదు, నేరం. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ప్రతివారూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆర్నెల్ల దాకా జైలు. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని చెప్పని సంస్థ అధిపతికైతే ఏడాది దాకా జైలు, జరిమానా. ఈ శిక్షలు చెప్పే 21వ సెక్షన్‌ను గట్టిగా అమలుచేస్తే విచారణ పత్రాలన్నిటికీ అప్పుడు విలువ వస్తుంది.

హైదరాబాద్ బంజారాహిల్స్ డీఏవీ పాఠశాల కేసు తెలుగువాళ్లెవరూ మరచిపోలేదు. 2022 అక్టోబరులో నాలుగేళ్ల ఎల్‌కేజీ పాపపై ప్రిన్సిపాల్ కారు డ్రైవర్ అఘాయిత్యం చేశాడని బయటపడింది. అతను టీచర్ కాడు, ఆయా కాడు, పిల్లలతో అతనికి పనే లేదు. అయినా బడిలో అన్ని గదులకూ తిరిగే వీలుంది. 2023 ఏప్రిల్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు అతనికి 20 ఏళ్ల జైలు వేసింది. ఆరు నెలల్లో తీర్పు రావడం మన దేశంలో అరుదు. 2024 ఆగస్టులో మహారాష్ట్రలోని బద్లాపూర్‌లో ఇద్దరు నర్సరీ పిల్లల విషయంలో అరెస్టయినవాడు కాంట్రాక్టు మీద వచ్చిన స్వీపర్, చేరి ఎన్నో రోజులు కాలేదు. కాంట్రాక్టరు పంపిన మనిషి, కాంట్రాక్టరే చూసుకుని ఉంటాడులే అని బడి అనుకుంటుంది. బడి చూసుకుంటుందని కాంట్రాక్టరు అనుకుంటాడు. ఆ మరుసటి నెలలోనే, పాఠశాల యాజమాన్యాల బాధ్యతపై కేంద్ర విద్యాశాఖ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మూడేళ్ల కింద ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయించడానికి సుప్రీంకోర్టు కావలసివచ్చింది.

అనాథాశ్రమాలు, బాలల సంరక్షణ గృహాల పరిస్థితి బడుల కంటే కొంత మెరుగు, కాగితం మీదనైనా. బాలల న్యాయ చట్టం 2015లోని 41వ సెక్షన్ ప్రకారం ఇటువంటి ప్రతి సంస్థా రిజిస్టర్ కావాలి. కాకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. తమిళనాడు అనాథాశ్రమాల్లో పిల్లలపై జరిగిన అకృత్యాల మీద 2007లో మొదలైన కేసులో, దేశంలోని సంస్థలన్నీ 2017 ఆఖరుకల్లా రిజిస్టర్ కావాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2021 సవరణ కలెక్టర్ల చేతికి ఎక్కువ అధికారం ఇచ్చింది. బాలల సంక్షేమ కమిటీ సభ్యులుగా ఎవరు ఉండరాదో కూడా అందులో రాశారు: పిల్లల హక్కులను ఉల్లంఘించిన చరిత్ర ఉన్నవారు, నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్షపడినవారు. తిరుపతిలో టీటీడీ 1943 నుంచి నడుపుతున్న శ్రీవేంకటేశ్వర బాలమందిరం వంటి పెద్ద సంస్థల వెనక ఒక వ్యవస్థ ఉంటుంది, ఆడిట్ ఉంటుంది. భయమంతా చిన్న చిన్న అద్దె ఇళ్లలో బోర్డు కట్టుకుని నడిచే వాటి గురించే. అయితే రిజిస్ట్రేషన్ ఒక్కటే కాపాడుతుందనుకోవడానికీ లేదు. బీహార్‌లోని ముజఫర్‌పూర్ ఆశ్రమం ప్రభుత్వ నిధులతో నడిచింది. అక్కడి బాలికల గోస 2018లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం చేసిన సామాజిక తనిఖీ వల్ల బయటికొచ్చింది. బయటివాళ్లు వచ్చి పిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడితే తప్ప తెలియని సంగతులు ఉంటాయి.

అంగన్‌వాడీలది వేరే దారి. రాష్ట్రంలో 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. అంగన్‌వాడీ టీచర్ ఆ ఊరి వివాహిత అయి ఉండాలన్న నిబంధన పాతది. ఊరందరికీ తెలిసిన ఆడమనిషి, ఊళ్లోనే ఉండే మనిషి. పోలీసు కాగితం కంటే పదునైన విచారణ అది. ఈ కేంద్రాలు పిల్లలపై నేరాల వార్తల్లో అంతగా కనిపించకపోవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం. పల్లెలో చెల్లిన ఆ పద్ధతి తిరుచానూరు, మంగళం, అవిలాల వైపు కొత్తగా లేచిన కాలనీల్లో చెల్లదు. అక్కడ పక్కింటివాళ్లెవరో పక్కింటివాళ్లకే తెలియదు.

తెలిసినవాళ్ల గురించి ఇంకో చేదు నిజం కూడా ఉంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం పోక్సో అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు బిడ్డకు ముందే తెలిసినవాళ్లు. 2024 నవంబరులో మన తిరుపతి జిల్లా వడమాలపేట మండలం ఏఎం పురంలో మూడేళ్ల పాప ప్రాణాలు పోయినప్పుడు పోలీసులు అరెస్టు చేసింది ఇంటికి తెలిసిన యువకుణ్ణే. ఏ ధ్రువపత్రమూ అక్కడ అడ్డుపడి ఉండేది కాదు. ఉద్యోగుల విచారణ అనేది ప్రమాదంలో ఒక భాగానికి మాత్రమే మందు. ఆ భాగానికైనా సరిగా వేస్తున్నామా అన్నదే ప్రశ్న.

ఇక్కడ రెండో పక్కను కూడా అంతే గట్టిగా చెప్పాలి. విచారణ పేరుతో పేదవాడి పొట్ట కొట్టే ప్రమాదం మన ప్రాంతంలో ఎక్కువ. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఎరుకల వంటి తెగల వాళ్లను పుట్టుకతోనే నేరగాళ్లుగా ముద్రవేశారు, స్టువర్టుపురం వంటి సెటిల్మెంట్లలో పెట్టారు. చట్టం 1952 నాటికి దేశమంతటా పోయినా అనుమానం పోలేదు. ఆయాలుగా, స్వీపర్లుగా చేరేవారిలో ఇటువంటి కుటుంబాల ఆడవాళ్లు ఎందరో ఉంటారు. శిక్ష సంగతి అటుంచి, కేసు కూడా లేకుండా స్టేషన్‌లో అనుమానితుల షీటు ఒకటి ఉన్నంత మాత్రాన ఆమెకు పని పోతే ఆ పాపం ఎవరిది?

శేషాచలం సంగతి ఇంకోటి. ఎర్రచందనం కేసులు ఈ చుట్టుపక్కల ఎంతమంది కూలీల, డ్రైవర్ల మీద ఉన్నాయో అందరికీ తెలుసు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి వైపు అడవిలో 20 మంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయాక ఆ దుంగల వెనక ఎంత పేదరికం ఉందో దేశమంతా చూసింది. పదేళ్ల కింద దుంగ మోసిన కేసున్న మనిషి ఇప్పుడు బుద్ధిగా స్కూలు ఆటో నడుపుకుంటానంటే కాదనాలా? నేనైతే కాదనకూడదంటాను. అదే మనిషికి తాగి బండి నడిపిన కేసుంటే మాత్రం స్టీరింగు ఇవ్వకూడదు. పిల్లలకు దేనివల్ల హాని కలుగుతుందో అదే చూడాలి: లైంగిక నేరాలు, అపహరణ, మనుషుల అక్రమ రవాణా, హత్య, తీవ్రమైన దాడి, మత్తుపదార్థాల అమ్మకం, డ్రైవర్లకు తాగి నడపడం. ఇంతకు మించి జాబితా పెంచితే మంచివాళ్లను పోగొట్టుకుంటాం. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా, చిన్నవయసులో చేసిన చిన్న తప్పును చూసీచూడనట్టు వదలవచ్చని చెప్పింది. బాలనేరస్థుల రికార్డు విషయంలో బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ ఇంకా స్పష్టం. పెద్దవారిలా విచారించిన ఘోర నేరాలు తప్ప, ఆ వయసులో చేసినది జీవితాంతం వెంటాడకూడదు.

అనుమానం ఎంత సులువుగా పేదవాడి మీదకు పోతుందో గురుగ్రామ్ చెప్పింది. 2017 సెప్టెంబరులో ర్యాన్ స్కూల్‌లో ఏడేళ్ల బాలుడి హత్య జరిగిన రోజే బస్సు కండక్టరును పట్టుకున్నారు, నేరం ఒప్పుకున్నాడన్నారు. రెండు నెలలకు సీబీఐ వేరే దారి పట్టి అదే బడిలో పదకొండో తరగతి విద్యార్థిని అదుపులోకి తీసుకుంది. కండక్టరు నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ హత్య జరిగిన నాలుగు రోజులకే సీబీఎస్‌ఈ తన బడులన్నిటికీ సర్క్యులర్ పంపింది, సిబ్బంది అందరికీ రెండు నెలల్లో పోలీసు విచారణ, మానసిక పరీక్ష చేయించాలని. కోపంలో పుట్టిన ఆదేశాలు ఇలాగే ఉంటాయి: గడువు ఉంటుంది, గడువు దాటాక అడిగేవారుండరు.

లైంగిక నేరస్థుల జాతీయ పట్టిక కూడా మనకు ఉంది. 2018 సెప్టెంబరులో సుమారు 4.4 లక్షల పేర్లతో కేంద్ర హోంశాఖ దాన్ని మొదలుపెట్టింది. పోలీసులు తప్ప ఇంకెవరూ చూడలేరు. 2019 డిసెంబరులో మన శాసనసభ ఆమోదించిన దిశ బిల్లుల్లో, మహిళలపై, పిల్లలపై నేరాలు చేసినవారి పట్టికను ప్రజలందరికీ తెరిచి పెట్టాలన్నారు. ఆ బిల్లులకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు. పేర్లు వీధిలో పెట్టడం నాకు సమ్మతం కాదు. పైన చెప్పినట్టు నేరం చేసినవాడు చాలాసార్లు బిడ్డకు తెలిసినవాడే. అతని పేరు అతికిస్తే పాప ఎవరో ఊరంతా తెలిసిపోతుంది. ఆ భయంతో ఫిర్యాదులే ఆగిపోతాయి. మధ్యే మార్గం ఉంది. రిజిస్టరైన బడి, క్రెష్, ఆశ్రమం ఒక వ్యక్తి వేలిముద్రతో అడిగితే, వివరాలేవీ లేకుండా "పనికి పెట్టుకోవచ్చు", "పెట్టుకోకూడదు" అన్న రెండు జవాబుల్లో ఒకటి ఇవ్వాలి. వేలిముద్రకు ఇంటిపేరుతో పనిలేదు, స్పెల్లింగుతో పనిలేదు, రాష్ట్రంతో పనిలేదు. జాతీయ వేలిముద్రల వ్యవస్థ 2022 నుంచి పనిచేస్తోంది. సాంకేతికంగా అడ్డంకి లేదు, తలచుకోవాలి.

అమెరికాలో మన తెలుగువాళ్లు ఇంటి దగ్గర డే కేర్ పెట్టుకోవాలన్నా ఇది తెలిసిన సంగతే. అక్కడి 2014 చట్టం ప్రకారం ఎఫ్‌బీఐ వేలిముద్రల తనిఖీ, అయిదేళ్లలో ఉన్న ప్రతి రాష్ట్రంలోని నేర రికార్డు, లైంగిక నేరస్థుల పట్టిక, పిల్లలపై వేధింపుల పట్టిక అన్నీ చూస్తారు. కనీసం అయిదేళ్లకోసారి మళ్లీ చూస్తారు. అక్కడ పిల్లల్ని డే కేర్‌లో వదిలే మనవాళ్లు లైసెన్సు నంబరు అడిగి మరీ వదులుతారు. ఇక్కడ తమ అన్న పిల్లలు ఎక్కే వ్యాను గురించి అడగాలని వాళ్లకూ తోచదు. ఆస్ట్రేలియాలో అంత గట్టి తనిఖీలుండగానే 2025 జూలైలో మెల్‌బోర్న్ ఉదంతం ఆ దేశాన్ని కుదిపేసింది. పదుల నేరాల అభియోగాలు పడ్డ శిశు సంరక్షణ ఉద్యోగి దగ్గర చెల్లుబాటయ్యే తనిఖీ కార్డు ఉంది. అందుకే కార్డుతో ఆగకూడదు. పసిపిల్లలతో ఏ పెద్దమనిషీ ఒంటరిగా తలుపులేసిన గదిలో ఉండకూడదు, బాత్రూము పనులకు ఆయానే ఉండాలి, వ్యానులో అటెండరు ఉండాలి. ఈ జాగ్రత్తలకు ఏ పట్టికా అక్కర్లేదు, ఖర్చూ పెద్దగా ఉండదు.

జూన్‌లో బడులు తెరిచేలోగా తిరుపతి జిల్లా యంత్రాంగం చేయగల పని ఉంది. 2020 నియమానికి ఒక జిల్లా ఆదేశంతో ప్రాణం పోయవచ్చు. ఒకే దరఖాస్తు నమూనా, మూడేళ్లకోసారి గడువు, సొంతూరు స్టేషన్ నుంచి తప్పనిసరి జవాబు, గత రెండు చోట్ల యాజమాన్యాల నుంచి "పిల్లల విషయంలో ఫిర్యాదు వచ్చిందా" అన్న ఒక్క ప్రశ్నకు సంతకంతో రాతపూర్వక సమాధానం. అబద్ధం చెప్పి సంతకం పెట్టినవాళ్లపై 21వ సెక్షన్ కింద కేసు పెట్టాలి. కాంట్రాక్టు మనుషులకూ, తల్లిదండ్రులు సొంతంగా కుదుర్చుకునే ఆటోలకూ ఇదే వర్తించాలి. రుసుము పేద ఉద్యోగి మీద వేయకూడదు, యాజమాన్యం కట్టాలి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. ఫీజు కట్టే రోజున రసీదుతో పాటు, మీ బిడ్డ దగ్గరకు వచ్చే సిబ్బందికి విచారణ అయిందా, ఎప్పుడయింది అని రాతలో అడగండి. మీకు తెలిసిన బడిలో తప్పు చేసినవాణ్ణి రాజీనామాతో సరిపెట్టి పంపేస్తున్నారని తెలిస్తే 1098కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మీరు చేయకపోతే అతను వెళ్లే తర్వాతి బడికి అతని గురించి చెప్పేవారు ఇంకెవరూ ఉండరు.